పురుగు ఆయుష్షు మన పద్దులో రాయొద్దు

గోదావరి ఉత్తరానికి మళ్లే చెన్నూరు ప్రాంతంలో తిప్పతీగకూ, ఉసిరికీ, కరక్కాయకూ కరువు లేదు. నదికి ఎగువన జగిత్యాల, మెట్‌పల్లి పొలాల నిండా పసుపే. వీటిలో ఏదో ఒకదాన్ని పొడి చేసి సీసాలో పోసి, ‘ఆయుష్షు పెంచుతుందని శాస్త్రం తేల్చింది’ అని అమ్మడం మామూలైపోయింది. తేల్చింది ఎవరి ఆయుష్షునో మాత్రం సీసా మీద ఉండదు. చాలాసార్లు అది కుళ్లిన పండ్లలో, పెంటకుప్పల్లో బతికే మిల్లీమీటరు పురుగుది.

ఆ పురుగును చులకన చేయనక్కర్లేదు. సిడ్నీ బ్రెన్నర్ 1960లలో ప్రయోగశాలకు తెచ్చిన సి. ఎలిగెన్స్‌కు 302 నరాల కణాలుంటాయి, రెండు మూడు వారాల్లో జీవితం ముగుస్తుంది. 1993లో సింథియా కెన్యన్ బృందం ఒక్క జన్యువు మార్పుతో దాని ఆయుష్షు రెట్టింపైనట్టు చూపింది. ఆ జన్యువు మన ఇన్సులిన్ గ్రాహకానికి దగ్గరి చుట్టమని తర్వాత తేలింది. కాబట్టి ‘పురుగుకూ మనిషికీ ఏం సంబంధం’ అని కొట్టిపారేసేవారిదీ తొందరపాటే. పేచీ సంబంధం దగ్గర కాదు, దాన్ని ఎంతదాకా లాగుతున్నామన్న దగ్గర. పసుపులోని కర్కుమిన్ ఈ పురుగు ఆయుష్షు పెంచిందని 2011లో తైవాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదే పరిశోధనలో పురుగు ఒంటి పరిమాణం, మేత మింగే గొంతు కదలిక కూడా మారినట్టు కనిపించింది. మేత తగ్గితే ఈ పురుగు ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతుంది. పైగా అది పెరిగేది బాక్టీరియా పరిచిన పళ్లెంలో. మందు పనిచేసింది పురుగు మీదా, దాని తిండి మీదా అన్నది ప్రతి మొక్కకూ విడిగా తేల్చుకోవాల్సిందే. తర్వాత మెట్టు ఎలుక. అమెరికాలో మూడుచోట్ల ఒకే పద్ధతిలో నడిచే పరీక్షల్లో కర్కుమిన్, గ్రీన్ టీ సారం ఎలుకల ఆయుష్షును పెంచలేకపోయాయి. ద్రాక్షతొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌దీ అదే కథ. ఆ దారిలో మందులు చేస్తామన్న సర్ట్రిస్ కంపెనీని గ్లాక్సో 2008లో 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది.

‘మన తాతలు పసుపు తినలేదా, ఏమైంది’ అంటారు. తిన్నారు, కూరలో చిటికెడు. పసుపు కొమ్ములో కర్కుమిన్ ఉండేది సుమారు మూడు శాతం, పేగు లోనికి తీసుకునేది అందులోనూ కొంచెమే. దాన్ని పిండి గోళీ చేసి రోజూ మింగడం తాతల అలవాటు కాదు, ఇవాళ్టి వ్యాపారం. మొక్కది కాబట్టి హాని లేదన్న నమ్మకానికి కరోనా కాలంలోనే దెబ్బ తగిలింది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే తీగను పొరబడి ఉంటారంది. ఆ వాదనే నిజమైనా కొనేవాడి భయం రెట్టింపు కావాలి కదా, సీసాలో ఏ తీగ ఉందో ఎవరు చూశారు?

అడవి సరుకు ఏరి బతికేవారి పొట్ట కొడుతున్నావా అనే ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. పసుపుకు వంటింట్లో, రంగులో, ఎగుమతిలో గిరాకీ ఉంది. నిజామాబాద్‌లో జాతీయ బోర్డు వచ్చింది ఆ పంట కోసమే. ఉసిరికి పచ్చడి చాలు. ఆయుష్షు పేరుతో ధర పెంచితే లాభం సీసా కట్టినవాడిదే, ఏరిన చేతికి దక్కేది కిలో లెక్కే. అందుకే నేను కోరేది నిషేధం కాదు. ఏ ప్రాణి మీద, ఎంత మోతాదులో పరీక్షించారో సీసా మీద రాయించాలి. ఆకు బొమ్మ పక్కనే పురుగు బొమ్మ కూడా వేస్తే, చదువురానివాళ్లకూ తెలుస్తుంది.