ఆటలో పోస్తున్న చెరువు కట్ట

మా ఊరి బస్టాండు హోటల్లో ఈ మధ్య ఒక మాట తరచు వినబడుతోంది. "ఫలానా వారి పిల్లవాడు మూడేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని చెరువు కట్ట పోస్తున్నాడట" అని ఒకరు అనగానే బెంచీ మీద ఉన్నవారంతా నవ్వుతున్నారు. గాలిలో మేడలు కట్టేవారిని చూశాం గాని కట్ట పోసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నామని ఒక పెద్దమనిషి ఎద్దేవా చేశారు. ఆ పిల్లవాడు ఈ విలేకరికి అన్న కొడుకు. కనుక పక్షపాతంతో రాస్తున్నాడని పాఠకులు అనుకుంటే అనుకోవచ్చు. మొదటి ఏడాది నేనూ నవ్వినవాణ్ణే.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలో పుట్టింది. 2009లో తొలిరూపం వచ్చింది, 2011లో పూర్తిగా విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దానిని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అందులో మట్టి, రాయి, కర్ర, గాజు అన్నీ దిమ్మెలే. ఒక్కొక్క దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. వాటిని పేర్చుకుంటూ పోవడమే పని. రాక్షసులతో కొట్లాడే పద్ధతి కూడా ఉంది గాని, మా వాడు ఆ జోలికి పోడు. ఒట్టిగా కట్టుకునే పద్ధతిలో గెలుపు లేదు, ఓటమి లేదు, ఇక చాలు లేవమని చెప్పేవారూ లేరు.

మీటరు దిమ్మెతో మన ఇల్లు కట్టబోతే వచ్చే చిక్కు మేస్త్రీలకు చెప్పనక్కరలేదు. మూరెడు గోడ మీటరు మందమై కూర్చుంటుంది. రెండు బండ్లు ఎదురుపడలేని మా సందులో మనిషి కూడా పట్టడు. 2022లో మొదలుపెట్టి ఏడాది పాటు కట్టినదంతా మా వాడు ఈ కారణంగానే పక్కన పెట్టేశాడు. మీటరుకు రెండు దిమ్మెల లెక్కన మళ్లీ ముగ్గుపోసుకున్నాడు. ఇప్పుడు మూరెడు మట్టిగోడ సరిగ్గా ఒక్క దిమ్మె. పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాసి, రాత్రి అన్నం తిన్నాక రెండు గంటలు కూర్చుని ఈ పని చేస్తున్నాడు. ఏడాది కష్టాన్ని పక్కన పెట్టి మొదటికి వచ్చినవాణ్ణి సోమరి అనడం సబబేనా?

కట్ట పొడవు 800 మీటర్లు. అంటే వరుసకు 1,600 దిమ్మెలు. లోపలి మట్టిని ఆజ్ఞ ఇచ్చి నింపవచ్చు. ఒక్కో ఆజ్ఞకు మామూలుగా 32,768 దిమ్మెల వరకే చెల్లుతుంది. నీటివైపు రాతికట్టు మాత్రం చేత్తో పేర్చవలసిందే. ఏ రాయి ఎక్కడ జారిందో చూసి వచ్చి, అక్కడ అలాగే జార్చి పెడుతున్నాడు.

ఇది మా ఊరి పిల్లవాడొక్కడికే పట్టిన పిచ్చి అనుకోరాదు. 2014లో డెన్మార్క్ ప్రభుత్వ సర్వే శాఖవారు తమ దేశమంతటినీ ఈ ఆటలో అసలు కొలతకు దించి ప్రజలకు తెరిచారు. కొద్ది రోజులకే కొందరు ఆకతాయిలు అందులోకి దూరి మందుగుండుతో కొన్ని కట్టడాలు పేల్చారు. 2020 మార్చిలో పిప్పెన్‌ఎఫ్‌టీఎస్ అనే మారుపేరుగల ఆటగాడు భూగోళమంతటినీ కడదాం రమ్మని పిలుపునిచ్చాడు. కొండలూ రోడ్లూ పటాల లెక్కల నుంచి యంత్రమే పరిచింది. ఇళ్లు మాత్రం మనుషులే కట్టాలి. ఆ నెలలోనే విలేకరుల హక్కుల కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ ఇందులో గ్రంథాలయం కట్టించింది. 16 దేశాలకు చెందిన 24 మంది, కోటీ 25 లక్షల దిమ్మెలు. తమ దేశాల్లో అచ్చుకాకుండా ఆపిన రచనలను అక్కడ పుస్తకాలుగా ఉంచారు. పత్రికకు వార్తలు రాసేవాణ్ణి గనుక ఈ సంగతి విన్నాకే నా నవ్వు ఆగింది.

మా అన్న కోపంలోనూ న్యాయం లేకపోలేదు. దీనివల్ల పైసా రాదు. కళ్లు మండుతున్నాయి. 2023లో కరెంటు పోయి వచ్చి, డిస్కు చెడి, నెల రోజుల పని పోయింది. ఆ మర్నాడు పిల్లవాడు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి వారం వారం ఒక ప్రతి పెన్‌డ్రైవులో ఎక్కించి మేనత్త ఇంట్లో దాస్తున్నాడు. ఇక ఊళ్లో చాలామంది దీన్ని పందెం ఆటలతో కలిపేస్తున్నారు. డబ్బు పెట్టి ఆడేవాటిని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. ఆ ఆటల్లో ఎకరాలు పోయిన ఇళ్లు మనకు తెలుసు. ఆ మంట దీనికి అంటించడం మాత్రం తగదు.

అసలు సంగతి వేరే ఉంది. ఊళ్లో పాత చావడి కూలగొట్టినప్పుడు ఎవరూ ఫోటో తీయలేదు. గూన ఇళ్లు ఏటా రెండో మూడో పోతున్నాయి. చావడికి ఎన్ని స్తంభాలని పిల్లవాడు ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఇద్దరు ఆరన్నారు, ఒకరు ఎనిమిదన్నారు. హోటల్లో ఎద్దేవా చేసిన పెద్దమనిషే నవ్వు ఆపి, "ఏడురా. ఎనిమిదోది మా చిన్నప్పుడే విరిగితే దూలం కింద మొద్దు నిలబెట్టారు" అన్నారు. ఇప్పుడు ఆటలో ఆ మొద్దు ఉంది.

అందుచేత ఊరివారికి నా విజ్ఞప్తి ఒక్కటే. పాత పెళ్లి ఫోటోలున్నవారు పిల్లవాడికి ఒకసారి చూపండి, పెళ్లివారి వెనుక గోడలు కనబడతాయి. పంచాయతీలో పాత పటాలేమైనా ఉంటే కాపీ తీసుకోనివ్వండి. తెలిసినవారు చెప్పండి. తెలియనివారు కనీసం నవ్వకండి.

మొన్న ఆదివారం వాడూ నేనూ టేపు పట్టుకుని తూము దగ్గరికి పోయాం. నీరటి తాత కర్ర పెట్టి పై రెండు కన్నాలూ చూపించాడు. మూడోది నీళ్లలో ఉంది. "చెరువు ఎండనీ బిడ్డా, దిగి కొలుద్దువు గాని" అన్నాడు. ఈసారి వానలు బాగా పడ్డాయి, మత్తడి ఇంకా దూకుతూనే ఉంది. మూడో కన్నం కోసం వాడు వచ్చే వేసవి దాకా ఆగుతానంటున్నాడు.