గది గ్యారంటీ... ఏ గదో కాదు!

తిరుమల వెళ్లేవాళ్లకి ఇది అనుభవమే. ముందుగా గది బుక్ చేసుకున్నప్పుడు మనం ఎంచుకునేది అద్దెని మాత్రమే. ఏ కాటేజీ, ఎన్నో నంబరు అన్నది కొండమీదకి చేరాకే తెలుస్తుంది. రైల్లో ఫస్ట్ ఏసీ టికెట్టూ అంతే. డబ్బు ముందే కడతాం, బెర్తు నంబరు మాత్రం చార్టు తయారయ్యాకే ఇస్తారు. మొగుడూపెళ్లాలకి విడిగా కూపే దొరుకుతుందో, ఎవరో ఇద్దరితో కలిపి నలుగురి క్యాబిన్‌లో వేస్తారో అప్పటిదాకా తెలీదు. అయినా ఎవరం పెద్దగా పట్టించుకోం. ఒక్క రాత్రే కదా, ఎలాగోలా గడిచిపోతుంది.

మరి ఏడు రాత్రులు నీళ్లమీదే ఉండాల్సి వస్తే?

రెండేళ్ల కిందట వేసవిలో అమ్మాయి దగ్గరికి సియాటిల్ వెళ్లాం. అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకి ఒకప్పుడు నయాగరా చూపించి పంపేవారు. ఇప్పుడా జాబితాలో అలాస్కా ఓడ ప్రయాణం కూడా చేరింది. సియాటిల్ రేవులోనే ఓడ ఎక్కి, జూనో, స్కాగ్‌వే, కెచికాన్ ఊళ్లు చూసుకుంటూ, మంచుకొండలు సముద్రంలోకి దిగే చోటు దాకా వెళ్లి, ఏడో రాత్రి గడిచాక మళ్లీ అక్కడే దిగుతాం. అమ్మాయి, అల్లుడు, అయిదేళ్ల మనవడికి ఒక బాల్కనీ గది. మావారికీ నాకూ కిటికీ లేని లోపలి గది. ‘చీకట్లో అయితేనే నాకు నిద్ర పడుతుంది’ అని ఆయనే కోరి చెప్పించుకున్నారు.

అమ్మాయి కంప్యూటర్ ముందు కూచుని బుక్ చేస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. ఓడ నక్షా మీద గదులన్నీ తేనెపట్టులా కనిపిస్తున్నాయి. నచ్చినదాని మీద నొక్కితే అది మనది. దానికింద ఇంకో వరస ఉంది. అందులో ధర తక్కువ. ‘గది మేమే కేటాయిస్తాం’ అని దాని అర్థం. ఒక్కో గదికి 120 డాలర్లు తేడా. రెండింటికీ కలిపి 240. మన లెక్కలో ఇరవై వేల రూపాయలు!

‘అమ్మా, గదిలో ఉండేదెంతసేపు? పడుకోవడానికేగా!’ అంది అమ్మాయి.

నేను ఆలోచించకుండా తలూపాను. బేరంలో ఇరవై వేలు తగ్గుతుంటే తలూపని తెలుగు ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు.

వాళ్ల లెక్క వాళ్లది

దీన్ని గ్యారంటీ క్యాబిన్ అంటారు. టికెట్ మీద గది నంబరు ఉండాల్సినచోట ‘జీటీవై’ అన్న మూడు అక్షరాలు కనిపిస్తాయి. ఇందులో మనం ఎంచుకునేది గది రకాన్ని మాత్రమే. లోపలి గదా, కిటికీ గదా, బాల్కనీ గదా, సూటా అన్నంతవరకే. కట్టిన డబ్బుకి ఆ రకం గదైనా, అంతకన్నా పై రకమైనా ఇస్తామని కంపెనీ మాట ఇస్తుంది. కిందికి మాత్రం దించదు. గ్యారంటీ అన్నది ఆ ఒక్క మాటకే.

వాళ్లకెందుకు ఇంత ఉదారం అంటారా? ఓడలో గదులు ఇన్నని లెక్క. రేవు దాటేసరికి ఖాళీగా ఉన్న గది ఆ వారానికి ఖాళీయే. దానిమీద వచ్చేదేమీ ఉండదు. పైగా మనిషి ఓడ ఎక్కితేనే కదా పానీయాలూ, ఒడ్డుమీద విహారాలూ కొనేది! మరోపక్క పూర్తి సొమ్ము కట్టే గడువు దగ్గరపడగానే కొందరు మానుకుంటారు. కొందరికి పక్కపక్క గదులు కావాలి. కొందరికి చక్రాల కుర్చీ పట్టే గది కావాలి. వీటన్నిటినీ సర్దాలంటే ‘ఎక్కడ వేసినా సరే’ అనే ప్రయాణికులు కొందరుండాలి. మన చేత ఆ మాట అనిపించుకున్నందుకు ఇచ్చే డబ్బే ఈ తగ్గింపు. మోసమేం లేదు. న్యాయమైన బేరమే. కాకపోతే మనం అమ్ముతున్నదేమిటో మనకి తెలియాలి.

మాకు తెలియలేదు.

ఓ మూలా, ఈ మూలా

ప్రయాణానికి పది రోజుల ముందు గది నంబర్లు వచ్చాయి. మాది నాలుగో అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర. వాళ్లది తొమ్మిదో అంతస్తులో, తోక దగ్గర. ఓడ పొడవు దాదాపు 300 మీటర్లు. ఒకే ఇంటివాళ్లం ఊరికి ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం కాపురం పెట్టినట్టయింది. అమ్మాయి ఫోన్ చేసి మార్చమని అడిగింది. ఒకసారి కేటాయించాక కుదరదన్నారు. అది బుక్ చేసేటప్పుడు నిబంధనల్లో రాసే ఉందట. మేం చదవలేదు.

సియాటిల్ నుంచి బయల్దేరిన ఓడ జలసంధి దాటి, వాంకూవర్ దీవికి పడమటి వైపున పసిఫిక్ మహాసముద్రంలోకి వెళుతుంది. అక్కడ అలలకి అడ్డేమీ ఉండదు. ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూచున్నవాళ్లకీ, మధ్య సీట్లో కూచున్నవాళ్లకీ ఒకే గుంత ఒకేలా తగులుతుందా? ఓడలోనూ అంతే. నడిమధ్య, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముక్కు దగ్గరా, తోక దగ్గరా ఎక్కువ. రెండోరోజు మధ్యాహ్నానికే నాకు కడుపులో దేవడం మొదలైంది. సాయంత్రం వాంతులు. అల్లుడు మాత్ర తెచ్చిచ్చాడు. ఆ మాత్ర వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. భోజనాల హాలు ఓడ వెనకభాగంలో. నన్నొక్కదాన్నీ వదిలి అంతదూరం వెళ్లడం ఇష్టంలేక మావారు గదిలోనే ఓ అరటిపండు తిని, షుగరు మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుని పడుకున్నారట. అది నాకు తెలీదు. తెలిస్తే తిట్టి పంపేదాన్ని.

రాత్రి రెండు గంటలప్పుడు ఆయన చెయ్యి నామీద పడి మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడుతోంది. పాతికేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న ఇల్లు కాబట్టి సంగతి అర్థమైంది. మనవడు మధ్యాహ్నం వదిలేసిపోయిన పళ్లరసం డబ్బా ఉంటే తాగించాను. హ్యాండ్‌బ్యాగులో ఉన్న చక్కెర పొట్లాలు నోట్లో పోశాను. అప్పుడు ఫోన్ తీసి అమ్మాయిని పిలిచాను.

అది వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. తోక నుంచి నడిమికి పరిగెత్తి, లిఫ్టు కోసం ఆగి, అయిదు అంతస్తులు దిగి, మళ్లీ ముక్కు దాకా పరుగు. అన్ని నడవలూ ఒకేలా ఉంటే ఓసారి దారి కూడా తప్పిందట. చెప్పులు లేకుండా, రొప్పుతూ తలుపులో నించుంది. అప్పటికి ఆయన తేరుకుని, ‘నిద్ర పాడుచేసుకుని ఎందుకొచ్చావే?’ అంటున్నారు. ఓడలో వైద్యుడికి చూపించి, బాగానే ఉందనిపించుకుని గదికి వచ్చేసరికి తెల్లారింది. అమ్మాయి మంచం అంచున కూచుని ఒకే మాట అంది. ‘రెండొందల నలభై డాలర్లమ్మా...’

దాని తప్పేముంది? తలూపింది నేను. ‘పడుకోవడానికేగా’ అనుకున్నాం. ఆపద వచ్చేది పడుకున్నప్పుడే అని ఇద్దరికీ తోచలేదు.

ఏం అడుగుతున్నారో, ఏం వదులుతున్నారో

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ‘అయితే గ్యారంటీ గది తీసుకోకూడదన్నమాట’ అంటారు వినేవాళ్లు. అలాగని కాదు. ఒంట్లో ఓపికా, గాఢమైన నిద్రా ఉన్న కుర్రజంటకి ఇంతకన్నా మంచి బేరం లేదు. ఒక్కోసారి కట్టినదానికన్నా పై రకం గది దొరికి సంబరపడేవాళ్లూ ఉంటారు. కానీ దానిమీద ఆశ పెట్టుకుని బుక్ చేయడం లాటరీ టికెట్ కొనడం లాంటిదే. పై రకం గది కూడా అన్నిసార్లూ మేలు కాదు. ఓడ చివర ఊగే బాల్కనీ కన్నా నడిమధ్య ఉన్న లోపలి గదే నయం అనిపించే రోజులుంటాయి.

కాబట్టి ముందుగా మీ ఇంట్లోవాళ్లని తలుచుకోండి. సముద్రపు ఊపు పడనివాళ్లు ఉన్నారా? మోకాళ్ల నొప్పులతో లిఫ్టు దాకా నడవలేనివాళ్లు? చిన్న చప్పుడుకే లేచి కూచునేవాళ్లు? ఈత కొలను ఉన్న అంతస్తుకి సరిగ్గా కింద గది పడితే తెల్లవారకముందే నెత్తిన కుర్చీలు ఈడ్చే చప్పుడు వినాలి. నాటకశాల మీద పడితే అర్ధరాత్రి దాకా డప్పులు వినాలి. ముక్కు దగ్గర కింది అంతస్తులో పడితే రేవు చేరినప్పుడల్లా లంగరు గొలుసుల మోత, యంత్రాల వణుకు. సముద్రం కనబడుతుందని కిటికీ గది తీసుకుంటే, దానికి అడ్డంగా ప్రాణరక్షణ పడవ వేలాడుతూ ఉండొచ్చు. గ్యారంటీలో ఇవన్నీ వచ్చే అవకాశం ఉన్నవే. ఎవరూ కోరి ఎంచుకోని గదులే కదా చివరికి మిగిలేది!

రెండు గదులు తీసుకునే కుటుంబాలు మరీ జాగ్రత్తపడాలి. రెండు బుకింగులనీ కలిపి చూడమని అడగొచ్చు. అడిగితే రాసుకుంటారు. కానీ పక్కపక్కనే ఇస్తామని మాట మాత్రం ఇవ్వరు. పెద్దవాళ్లూ పసివాళ్లూ ఉంటే ఆ తేడా డబ్బు కట్టి, నక్షాలో రెండు పక్క గదులు చూసుకోండి. మధ్యలో తలుపు ఉండి ఇటునుంచి అటు వెళ్లే గదులు దొరికితే ఇంకా మేలు. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తులో, ఓడ నడుమకి దగ్గరగా చూసుకుంటే సగం బాధలు తప్పుతాయి. చాలా ఓడల్లో గది నంబరులో మొదటి అంకె అంతస్తుని చెబుతుంది. అది చూసి నక్షాలో వెతుక్కోవచ్చు.

ఇదంతా అమెరికా వెళ్లేవాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కార్డీలియా వారి విహార ఓడ బయల్దేరింది. 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. షష్టిపూర్తికనో, పెళ్లిరోజుకనో అమ్మానాన్నలకి ఓడ టికెట్లు కొనిపెట్టే పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లకోసమే ఇంత చెప్పడం.

మనుషులం మారాం

మర్నాడు పొద్దున అల్లుడు కౌంటర్ దగ్గరికెళ్లి మళ్లీ అడిగి చూశాడు. ఓడ నిండా జనమే, ఒక్క గదీ ఖాళీ లేదన్నారు. అతనొచ్చి కాసేపు ఆలోచించి, ‘గదులు మారకపోతే మనుషులం మారదాం అత్తయ్యా’ అన్నాడు.

అలాగే చేశాం. మావారు మాత్రల డబ్బా పట్టుకుని పైన బాల్కనీ గదికి వెళ్లారు. అక్కడ ఆయనా, అల్లుడూ, మనవడూ. వేళకి భోజనానికి తీసుకెళ్లే పూచీ మనవడిది. భోజనాల హాలు ఆ గదికి రెండడుగుల దూరంలోనే. పడుకునేముందు తాతయ్య చేత పాలు తాగించేదీ వాడే. అమ్మాయి తన దిండు పట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. అల్లుడి గురక వింటూ మావారు, మావారి గురక వింటూ అల్లుడు, ఇద్దరూ మర్యాదకి ఏమీ అనుకోకుండా మిగతా రాత్రులు గడిపేశారు.

పెళ్లయి పదేళ్లు దాటాక అమ్మాయి, నేనూ ఒకే గదిలో పడుకోవడం అదే మొదటిసారి. కిటికీ లేని గది. లైటు తీసేస్తే తెల్లారిందో లేదో కూడా తెలీదు. మాట్లాడుకుంటూ ఎంతసేపు ఉన్నామో ఎవరికీ లెక్క లేదు. అది అక్కడ ఉద్యోగంలో పడుతున్న కష్టాలు, ఫోన్లో ఎన్నడూ చెప్పనివి, ఆ చీకట్లోనే చెప్పింది.

తిరిగొచ్చే ముందు అది మళ్లీ అదే ఓడ నక్షా తెరిచింది. ఈసారి మామయ్యగారూ అత్తయ్యగారూ వస్తున్నారట. ధర వంక చూడలేదు. రెండు గదులు, పక్కపక్కనే, నడిమధ్య. నొక్కేముందు నావైపు చూసింది.

ఈసారి ఆలోచించే తలూపాను.