‘యూఐ బాగుంది’ అని చెప్పాల్సింది మనం కాదు

ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా చివర్లో ఒక లైన్ గ్యారంటీగా ఉంటుంది: "యూఐ చాలా క్లీన్‌గా, స్మూత్‌గా ఉంది." ఇంటర్ చదివే రోజుల నుంచీ నేను ఇలాంటి రివ్యూలు చదువుతూనే ఉన్నాను. ప్రాసెసర్ పేర్లు, కెమెరా సెన్సర్ సైజులు నాకు నోటికొచ్చేవి. ఆ పిచ్చితోనే డిజైన్ కోర్సులో చేరాను. ఇప్పుడు మూడో సంవత్సరం. ఈ మధ్య ఆ లైన్ కనబడితే మాత్రం ఒక్కటే డౌట్ వస్తోంది. క్లీన్‌గా ఉన్నది ఎవరికి?

ఆ డౌట్ నాకు ఊరికే రాలేదు. నేను చేసిన ఒక ప్రాజెక్టు వల్ల వచ్చింది. అందులో తప్పంతా నాదే కాబట్టి, ఏ కంపెనీనీ తిట్టకుండా ముందు నా సంగతే చెప్తాను.

మార్కులు తెచ్చిన చంద్రుడు

పోయిన సెమిస్టర్‌లో మాకు యూజర్ ఎక్స్‌పీరియన్స్, ఇలస్ట్రేషన్ రెండూ కలిపి ఒకే ప్రాజెక్టుగా ఇచ్చారు. ఇంట్లో ఒకరి సమస్య తీసుకుని దానికి యాప్ డిజైన్ చెయ్యాలి, అందులో బొమ్మలన్నీ మనమే గియ్యాలి. నేను మా నానమ్మని తీసుకున్నా. ఆవిడకి 76 ఏళ్ళు. తెనాలిలో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. పొద్దున్న టిఫిన్‌కి ముందు ఒక మాత్ర, తర్వాత ఒకటి, రాత్రి భోజనం అయ్యాక ఇంకోటి. అప్పుడప్పుడూ మర్చిపోతుంది. అందుకని మాత్రలు గుర్తు చేసే యాప్ చేద్దామనుకున్నా.

బొమ్మల మీదే నెల రోజులు కూర్చున్నా. పొద్దున్నకి తాటిచెట్ల మధ్య నుంచి లేస్తున్న సూర్యుడు. రాత్రికి గుడి గోపురం పక్కన చంద్రుడు. ప్రతి మాత్రకీ కళ్ళు, చిన్న నవ్వు. మాత్ర వేసుకుని నొక్కగానే ఆ కార్డు నెమ్మదిగా రంగు తగ్గి, లేత బూడిద రంగులోకి జారుకునేది. 300 మిల్లీసెకన్ల యానిమేషన్, వెన్నలా ఉండేది. మధ్యలో జరిగిన జ్యూరీలో అందరూ మెచ్చుకున్నారు. చంద్రుడి బొమ్మని డిపార్ట్‌మెంట్ గోడ మీద కూడా పెట్టారు.

కంప్యూటర్ సైన్స్ చదివే నా రూమ్మేట్ దాన్ని చిన్న ఆండ్రాయిడ్ యాప్‌గా కట్టిచ్చాడు. దసరా సెలవులకి ఇంటికెళ్ళి నానమ్మ ఫోన్‌లో వేశా. రెండు రోజులు పక్కన కూర్చుని నేర్పించా. నా ఎదురుగా అంతా కరెక్టుగా చేసింది. "యూజర్ టెస్టింగ్ సక్సెస్" అని స్లైడ్ కూడా అక్కడే తయారు చేసేసుకున్నా.

నేను హైదరాబాద్ తిరిగొచ్చిన ఆరో రోజు పొద్దున్న పదకొండింటికి అమ్మ ఫోన్ చేసింది. నానమ్మకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఇంట్లో ఉన్న మిషన్‌తో చూస్తే షుగర్ 62 ఉంది. 70 కన్నా కిందకి పోతేనే షుగర్ పడిపోయినట్టు లెక్క. అమ్మ వెంటనే పంచదార నీళ్ళు తాగించి, డాక్టర్ గారికి ఫోన్ చేసి, పావుగంట ఆగి మళ్ళీ చూసింది. గండం గడిచింది. తర్వాత స్ట్రిప్పు తీసి లెక్కపెడితే అసలు విషయం తెలిసింది. ఆ పొద్దున్న నానమ్మ షుగర్ మాత్ర రెండు సార్లు వేసుకుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు డోసు ఎక్కువైతే షుగర్‌ని బాగా కిందకి దించేస్తాయి. ఆవిడ వేసుకునేది అలాంటిదే.

సాయంత్రం నానమ్మతో మాట్లాడా. ఏం జరిగిందో ఆవిడ చాలా స్పష్టంగా చెప్పింది. "వేసుకున్నాక నొక్కానురా. తెల్లబడింది గానీ పోలేదు. కాసేపయ్యాక చూస్తే ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ వెయ్యమంటోంది కాబోలు అనుకున్నా."

బూడిద రంగు భాష ఎవరికి తెలుసు?

మీకూ నాకూ స్క్రీన్ మీద ఏదైనా బూడిద రంగులోకి మారితే "అయిపోయింది, ఇక నొక్కక్కర్లేదు" అని అర్థం. మనకి అది ఎవరూ నేర్పలేదు. ఏళ్ళ తరబడి కంప్యూటర్లు, ఫోన్లు వాడీ వాడీ వంటబట్టింది. నానమ్మకి అది తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆవిడ లెక్కలో రంగు వెలిసిందంటే పాతబడిందని, లేదా ఫోన్ వెలుతురు తగ్గిందని. అయిపోయిన పని కళ్ళ ముందు ఉండకూడదు. ఉందంటే ఇంకా మిగిలుందనే.

ఇందులో నాకు బాగా సిగ్గనిపించిన విషయం ఒకటుంది. 1994లో జేకబ్ నీల్సన్ ఇచ్చిన పది యూజబిలిటీ సూత్రాల్లో మొట్టమొదటిదే ఇది. సిస్టమ్‌లో ఇప్పుడు ఏం జరుగుతోందో వాడేవాళ్ళకి ఎప్పుడూ తెలుస్తూ ఉండాలి. దాని మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. కానీ కార్డుకి రంగు తగ్గించేటప్పుడు నా బుర్రలో ఉన్నది నీల్సన్ కాదు. బిహాన్స్‌లో పెడితే ఎలా కనబడుతుందా అని!

తర్వాత కూర్చుని మిగతావి కూడా చెక్ చేశా. వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ప్రకారం మామూలు సైజు అక్షరాలకి, వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. నా బూడిద అక్షరాలకి 2.3:1 వచ్చింది. కార్డు కింద "వేసుకున్నారు" అని రాసే ఉంది కదా అని మొదట్లో నన్ను నేను సమర్థించుకున్నా. కానీ ఆవిడ కళ్ళకి అది అసలు కనబడనే లేదు.

కనబడినా ఉపయోగం తక్కువే. ఎందుకంటే ఫిగ్మాలో నేను బటన్ల ఎత్తు అంతా ఇంగ్లీషు మాటలు పెట్టి సెట్ చేసుకున్నా. చివర్లో తెలుగు తెచ్చి అందులో కూరా. ఇంగ్లీషు అక్షరం పక్కకి పోతుంది, మన అక్షరం కిందకి కూడా దిగుతుంది. "వేసుకున్నారు"లో న వత్తు సగానికి తెగిపోయింది. "అక్షరాలకి కాళ్ళు విరిచేశావేంట్రా" అంది నానమ్మ. గూగుల్ మెటీరియల్ డిజైన్ గైడ్‌లైన్స్‌లో తెలుగుని, హిందీ, థాయ్ లాంటి వాటితో పాటు, లైన్లకి ఎక్కువ ఎత్తు కావాల్సిన లిపుల్లోనే చేర్చారు. అంటే నియమం ఉంది. తెలుగువాణ్ణి అయ్యుండి నేనే దాన్ని తెరిచి చూడలేదు.

తెలుగుని చివర్లో టెస్ట్ చేసే అలవాటు స్టూడెంట్లకే ఉందనుకోకండి. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞ’తో వచ్చే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్పుడు మనమందరం నవ్వుకుని, ఆ అక్షరాన్ని ఫ్రెండ్స్‌కి పంపి ఆటపట్టించాం.

గోడ మీద ఉన్న యాప్

తర్వాత వచ్చిన శని, ఆదివారాలు మళ్ళీ తెనాలి వెళ్ళా. ఈసారి నేర్పించడానికి కాదు, నోరు మూసుకుని చూడటానికి. రెండు రోజుల్లో తెలిసినంత నెల రోజుల రీసెర్చ్‌లో తెలియలేదు.

నానమ్మ స్క్రీన్‌ని తాకదు, కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. నేనేమో లాంగ్ ప్రెస్‌కి "మార్చు" మెనూ పెట్టా. గూగుల్ చెప్పిన 48 డీపీ సైజు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, పాటించాను కాబట్టి బటన్లు బాగున్నాయని అనుకున్నా. సైజు సరిపోయింది గానీ, ఎంతసేపు నొక్కుతారన్నది నేను ఆలోచించలేదు.

ఇంకోటి. వంటింటి తలుపు పక్కన తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. తిథి, నక్షత్రం, రాహుకాలం అన్నీ ఉండేది. పాల ప్యాకెట్ రాని రోజు నానమ్మ ఆ తేదీ గడిలో సున్నా చుడుతుంది. గ్యాస్ బండ వచ్చిన రోజు ‘గ్యా’ అని రాస్తుంది. నెలాఖరున పాలవాడితో లెక్క చూసేది దాంతోనే, ఎప్పుడూ తేడా రాలేదు. అంటే రోజూ గుర్తు పెట్టుకోవడం, గుర్తు వెయ్యడం ఆవిడకి బాగా వచ్చు. నలభై ఏళ్ళుగా వాడుతున్న ఇంటర్‌ఫేస్ గోడ మీద ఉంటే, దాన్ని చూడకుండా నేను తాటిచెట్లు గీసుకుంటూ కూర్చున్నా.

బొమ్మల గురించి కూడా ఆలోచన మారింది. మన దేశంలో 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదవడం రాదు. అందుకే గుర్తులు ఇచ్చారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. జోడెడ్లు, కంకి కొడవలి. షేడింగ్ లేదు, గ్రేడియెంట్ లేదు. పొలంలో రోజూ చూసే వస్తువు, నాలుగు గీతలు. దూరం నుంచి చూసినా దాన్ని ఇంకోటి అనుకునే ఛాన్స్ లేదు. నా చంద్రుడు ఎంత అందంగా ఉన్నా, "ఇప్పుడు ఏం చెయ్యాలి?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేదు. అలంకారంగా ఉండటానికి, సమాచారం చెప్పడానికి ఉన్న తేడా నాకు అక్కడ అర్థమైంది.

రెండో వెర్షన్

కొత్త దాంట్లో స్క్రీన్ మీద ఒక్కటే విషయం ఉంటుంది. వేసుకోవాల్సిన టైమ్ అయితే ఆ మాత్ర స్ట్రిప్పు ఫొటో, కింద "టిఫిన్‌కి ముందు" అని పెద్ద అక్షరాలు. నొక్కగానే, ఎంతసేపు నొక్కినా సరే, ఆ ఫొటో పూర్తిగా మాయమవుతుంది. దాని చోట నల్లటి అక్షరాల్లో "వేసుకున్నారు, పొద్దున్న 7:40కి. ఇక రాత్రికే" అని వస్తుంది. క్యాలెండర్ గడిలో ఆవిడ అలవాటు ప్రకారమే సున్నా పడుతుంది. అలారం మోత తీసేసి అమ్మ గొంతు రికార్డు చేశాం: "అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?" మొదట్లో నానమ్మ ఫోన్‌కే "ఆఁ, వేసుకుంటున్నానమ్మా" అని జవాబు చెప్పేది.

ఇది కూడా పర్‌ఫెక్ట్ కాదు. ఒకసారి మందుల షాపులో అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. స్ట్రిప్పు రంగు మారింది, ఫొటోతో కలవలేదు. నానమ్మ వేసుకోకుండా అమ్మ వచ్చేదాకా ఆగింది. ఆగడమే మంచిది. అందుకే ఇప్పుడు స్ట్రిప్పు మారినప్పుడల్లా అమ్మ ఒక్క క్లిక్‌తో కొత్త ఫొటో తీసే బటన్ పెట్టాను. అలాగే మొదటిసారి చేసిన ఇంకో తప్పు మళ్ళీ చెయ్యలేదు. టెస్టింగ్ జరిగినన్నాళ్ళూ అమ్మ రోజూ స్ట్రిప్పు లెక్క చూసింది.

ఫైనల్ జ్యూరీలో మొదటి వెర్షన్ కన్నా మార్కులు తగ్గాయి. "విజువల్‌గా మొదటిదే రిచ్‌గా ఉంది" అన్నారు ఒకరు. నిజమే. నానమ్మ కూడా అదే మాట అంది, కాకపోతే ఇంకో ముక్క కలిపింది: "ఆ చంద్రుడు బాగుండేవాడురా. ఇది అర్థమవుతోంది."

ఇక మన రివ్యూల సంగతి

ఇదంతా గ్యాడ్జెట్ సైట్‌లో ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో ఫోన్ కొనేటప్పుడు అడిగేది మనల్నే. "ఏది మంచిదిరా?" అంటే బ్యాటరీ 5000 ఎంఏహెచ్, డిస్‌ప్లే 120 హెర్ట్జ్ అని చెప్పేస్తాం. రివ్యూ రాసేవాళ్ళు, చదివేవాళ్ళు, డిజైన్ చేసేవాళ్ళు అందరం ఒకే రకం మనుషులం. ఫోన్‌తో పెరిగినవాళ్ళం. మన చేతిలో స్మూత్‌గా ఉన్నదాన్ని చూసి అందరికీ స్మూత్ అని సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నాం. నా దృష్టిలో యూఐ మీద తీర్పు చెప్పే అర్హత, దాని అలవాట్లు ముందే తెలిసినవాళ్ళకి అందరికన్నా తక్కువ.

స్పెసిఫికేషన్లు వద్దనడం లేదు. వాటితో పాటు ఇంకో మూడు చూడమంటున్నా. ఒకటి, ఫోన్ భాష తెలుగులోకి మార్చి సెట్టింగ్స్, కాల్ స్క్రీన్ తెరవండి. వత్తులు తెగుతున్నాయా, మాటలు సగంలో చుక్కలతో ఆగిపోతున్నాయా? రెండు, అక్షరాల సైజు ఫుల్‌గా పెంచండి. బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా? మూడోది అన్నిటికన్నా కష్టం. ఆ ఫోన్‌ని ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిచ్చి, ఒక పని చెప్పి, ఐదు నిమిషాలు మీరు ఒక్క మాట కూడా మాట్లాడకండి. "అది కాదు, పక్కది నొక్కు" అనాలని నోటిదాకా వస్తుంది. అలా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి. నేను మొదట నేర్పిస్తూ పక్కన కూర్చున్న రెండు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టి ఉంటే, ఆ పొద్దున్న అమ్మ నుంచి ఆ ఫోన్ వచ్చేది కాదు.