పాట ఎవరిది?

పూర్వం పుస్తకాలలో మొదటి పుట వెనుక "సర్వహక్కులు గ్రంథకర్తవి" అని చిన్న అక్షరాలతో ఒక ముక్క వేసేవారు. చదివేవారికి దానితో పని ఉండేది కాదు. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉన్న ప్రతివారూ గాయకులే, గ్రంథకర్తలే. కనుక ఆ ముక్క మన భివండీ పద్మానగర్ సందులలోకి కూడా వచ్చింది.

సాంచెల కార్ఖానాలో రాత్రి పాళీ చేసే ఒకాయన కూతురు అన్నమాచార్యుల కీర్తన పాడి యూట్యూబులో పెట్టింది. శ్రుతి తప్ప వేరే వాద్యం లేదు. వారం తిరక్కుండానే ఆ పాట తమదంటూ ఒక రికార్డుల కంపెనీ పేర తాఖీదు వచ్చింది. "తీసేస్తనన్నా, కోర్టు గిర్టు మనకెందుకు" అంటూ తండ్రి నా దగ్గరకు వచ్చాడు. ఆఫీసులో గుమాస్తాను గదా, ఇంగ్లీషు కాగితం వస్తే మా వీధికంతా నేనే ప్లీడరును!

కీర్తన అయిదువందల యేండ్ల నాటిది, దానిపై కంపెనీకి హక్కేమిటని మీరు అడుగుతారు. అది సగం సంగతే. ఒక్క పాటలో మూడు ఆస్తులున్నాయి: సాహిత్యం, వరుస, రికార్డు. సాహిత్యం అన్నమయ్యది, అందరిదీను. వరుస అలా కాదు. రాగిరేకులపై రాగం పేరు ఉన్నది గాని స్వరం లేదు. అందుచేత మనం వినే వరుసలలో చాలా భాగం ఈ కాలపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కీర్తిశేషులైనారు. 1957 నాటి చట్టం ప్రకారం కర్త పోయిన మరుసటి యేడు మొదలు 60 సంవత్సరాలు హక్కు నిలుస్తుంది. అంటే ఆయన కట్టిన వరుసలకు 2039 ఆఖరు దాకా. (మొదట 50 యేండ్లే. రవీంద్రుని రచనల గడువు 1991తో తీరబోతూ ఉండగా 60 చేశారు.)

వరుస కట్టినవారి హక్కు ఎంతటిదో 2017లో లోకమంతా చూసింది. అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యం గారికి, అనుమతి లేక తన పాటలు పాడరాదని ఇళయరాజా గారు లాయరు నోటీసు పంపించారు. బాలుగారు వాదానికి దిగక, చట్టాన్ని మన్నిస్తానని చెప్పి ఆ పాటలు మానుకున్నారు. అది వేదిక మీది తగాదాయే గాని సూత్రం ఇదే.

ఇక రికార్డు. దాని హక్కు విడుదలైన మరుసటి యేడు నుంచి 60 యేండ్లు. అయితే ఆ రికార్డును వాడుకున్నవారికే అది తగులుతుంది. తన గొంతుతో పాడిన పిల్లకు దానితో నిమిత్తం లేదు.

"వరుస ఎవరిదమ్మా?" అని అడిగాను. భజన నేర్పే పంతులుగారే కట్టారట. ఆయన చేత సమ్మతి వ్రాయించాం. సాహిత్యం ఎవరిది, వరుస ఎవరిది, పాడినది ఎవరు, ఎవరి రికార్డూ వాడలేదు అని నాలుగు ముక్కల్లో జవాబు ఇచ్చాం. కోపపు మాట ఒక్కటీ వ్రాయనివ్వలేదు. ఇలాంటి జవాబుకు ఎదుటివారికి 30 రోజుల గడువు. ఆలోపే హక్కు విరమించుకున్నారు. పొరపాటైనదన్న మాట మాత్రం లేదు! యంత్రం పోల్చి పంపిన తాఖీదుకు మర్యాద ఎక్కడిది?

ఆ పిల్ల ఎవరో చేసిన కరోకే ట్రాకు పెట్టుకొని పాడి ఉంటే నేను కలం ముట్టేవాణ్ణి కాను. అది పరుల రికార్డు. "ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని కింద వ్రాసుకుంటే చెల్లదు.

స్ట్రైకు అనేది వేరు. మన ఊళ్లో స్ట్రైకంటే సాంచెలు ఆగడం. యూట్యూబులో అయితే వీడియో పోతుంది. 90 రోజులలో మూడు పడితే ఛానలే పోవచ్చును. దానికిచ్చే ప్రతినోటీసులో అసలు పేరు, చిరునామా ఉండాలి, అవి ఎదుటివారికి చేరతాయి. అబద్ధం వ్రాస్తే ప్రమాణం చేసి బొంకినట్లే. నోటీసు ఒప్పుకున్న తరువాత అమెరికా లెక్కన 10 పనిదినాలలో ఎదుటివారు దావా వేసినట్లు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. మన దేశపు 2013 నిబంధనలలోనూ ఇటువంటి గడువే ఉన్నది: 21 రోజులలో కోర్టు ఉత్తరువు తేకపోతే ఆపిన దానిని మళ్లీ పెట్టవచ్చును. ఆధారం లేని బెదిరింపులు చేసేవారి మీద మనమే దావా వేయడానికి అదే 1957 చట్టంలో 60వ సెక్షను ఉన్నది.