కరోల్ బాగ్ తెలుగు దీవి

పరభాషల నడుమ గుమిగూడిన కొలదిపాటి తెలుగు కుటుంబములను దీవి యనుట తగును. కేంద్రప్రభుత్వపు కొలువులకై వచ్చినవారితో కరోల్ బాగ్‌నందు అట్టి దీవి యొకటి ఏర్పడెను. 1947 తరువాత పంజాబు కాందిశీకులు ఆ పేటను నింపిరి. అయినను దీవి మునుగలేదు. పైపెచ్చు 1948లో దుర్గాబాయి పూనికతో ఢిల్లీలో ఆంధ్ర విద్యాసంఘము వెలసెను. బిడ్డకు మాతృభాష రావలెనన్నది నాటివారి పట్టుదల.

నేడో, "ఇచ్చట తెలుగెందుకు?" అని ప్రశ్నించు తలిదండ్రులే భాష పోయిన దోషమును నగరముపై మోపుచున్నారు. ఇది అన్యాయము. వీధిలో హిందీ నేర్చుటకు ఇంట తెలుగు మానవలసిన అగత్యము లేదు. ఏడాదికొకమారు ఉగాది పచ్చడి నాలుకకు తగిలించి సంస్కృతిని నిలిపితిమనుకొనుట ఆత్మవంచన. ఆ ఆరు రుచుల పేర్లు తెలుగున చెప్పలేని బిడ్డకు దక్కినది పచ్చడి మాత్రమే. దీవిని ముంచినది సముద్రము కాదు. గట్టు త్రవ్వుకొన్నవారు దీవివారే.