యాజలి వారి లెక్క

లెక్కల బి.యస్సీ. చదువుతున్నానంటే మా రేపల్లె వైపు పెద్దలు వేసే ప్రశ్న ఒక్కటే: “దానివల్ల ఏమొస్తుందిరా అబ్బాయ్?” ప్రధాన సంఖ్యల దగ్గరికొస్తే జవాబు చెప్పడం మరీ కష్టం. 2024 అక్టోబరులో ప్రకటించిన అతి పెద్ద ప్రధాన సంఖ్యనే తీసుకోండి. 2ను 13,62,79,841 సార్లు వేసుకుని గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తే అది. అందులో 4,10,24,320 అంకెలు. నిద్రాహారాలు మాని సెకనుకో అంకె చొప్పున రాసినా 474 రోజులు దాటిపోతుంది. ఏ సంతలో అమ్ముతాం దీన్ని?

పెద్దల ప్రశ్న తప్పని నేననను. తప్పల్లా మనది. జవాబు తోచక, ఆ పాఠాన్ని రెండు మార్కుల నిర్వచనం చేసి చేతులు దులుపుకుంటున్నాం.

తెనాలి వాళ్ళకు కొడవటిగంటి కుటుంబరావు ఎవరో చెప్పనక్కర్లేదు. బాపట్ల దగ్గర యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారెవరని మా క్లాసులో అడిగితే మాత్రం అందరూ తెల్లమొహాలు వేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 2006లో ఎడ్మంటన్‌లో కన్నుమూసిన గణిత శాస్త్రజ్ఞుడాయన.

1974లో ఆయన ప్రచురించిన ఒక ఫలితాన్ని మనలాంటి వాళ్ళం కూడా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఒక సంఖ్య భాజకాలన్నీ కూడండి. ఆ మొత్తాన్ని అదే సంఖ్యతో గుణించి 2 తీసేయండి. ఇక ఆ సంఖ్యకంటే చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కతో భాగించండి. ప్రధాన సంఖ్యయితే శేషం మిగలదు. 7 ఉంది. 7ను 8తో గుణిస్తే 56, రెండు పోతే 54, అది 6తో సరిగ్గా పోతుంది. సంయుక్త సంఖ్యల్లో ఇలా నెగ్గుకొచ్చేవి మూడంటే మూడే: 4, 6, 22. ఈ 22 ఎలా దూరిందో చూడబోయి నేనొక నోటుబుక్కు పాడుచేశాను, అది వేరే సంగతి.

ఆ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను తేల్చడానికి ఈ నియమం పనికొస్తుందా? రాదు. భాజకాలు కూడాలంటే ముందు అవి తెలియాలి. తెలిస్తే ఇక పరీక్ష ఎందుకు? మేం విత్తనపు వడ్లు ఉప్పునీళ్ళలో పోస్తాం. తాలు పైకి తేలుతుంది. గింజ గింజా ఒలిచి చూడం. ఆ పెద్ద సంఖ్యను ఖాయం చేసిన లూకాస్-లెహ్మర్ పరీక్ష అలాంటిదే. అందులో భాజకాల కోసం వెతుకులాటే లేదు. సుబ్బారావు గారిది గింజ ఒలిచి చూసే లెక్క.

వందల అంకెల ప్రధాన సంఖ్యలు బ్యాంకు సందేశాలకు తాళాలుగా పనికొస్తున్నాయని చెప్పి పెద్దల నోరు మూయించవచ్చు. కాని యాజలి వారి లెక్కకు ఆ సాకు కూడా లేదు. అయినా అది క్లాసులో చెప్పాల్సిందేనంటాను. ఏది గట్టి గింజో ఉప్పునీళ్ళు చెబుతాయిగాని, లోపల ఏముందో చెప్పవు కదా!

మా మేష్టర్లకో మనవి. వచ్చే ఏడు మొదటి సంవత్సరం వాళ్ళకు నిర్వచనం చెప్పేముందు బోర్డు మీద 22 వేసి, ఇదెలా దూరిందో చెప్పమనండి. యాజలి పేరు ఆ తర్వాత చెప్పినా ఫరవాలేదు.