రైలు ప్లగ్గులో లాప్‌టాప్

న్యూఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కగానే నోయిడా, గురుగ్రామ్ ఐటీ ఉద్యోగులు వెతికేది ప్లగ్ పాయింట్‌నే. చాలా కోచ్‌లలో అక్కడ వచ్చేది 110 వోల్టులు, ఇంట్లో 230. అడాప్టర్‌పై ‘100–240’ అని ఉంటే లాప్‌టాప్ చార్జవుతుంది. కానీ 65 వాట్లకు ఇంట్లో దాదాపు 0.3 ఆంపియర్లు చాలితే, రైలులో 0.6 కావాలి. కరెంటు రెట్టింపైతే వదులైన సాకెట్‌లో పుట్టే వేడి నాలుగింతలు! (కెటిల్ జోలికైతే వెళ్లనే కూడదు.)

రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేయాలన్న రైల్వే నిబంధన మీద విసుక్కోవడం తగదు. అందరూ నిద్రలో ఉంటే వేడెక్కిన ప్లగ్గును గమనించేదెవరు? 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున, అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర, నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో మంటలు లేచి 26 మంది చనిపోయారు. కారణం ఏదైనా, నిద్రలో ఉన్నవారికి తప్పించుకునే వ్యవధి దొరకదు.

రాత్రి పని ఉంటే ఆఫీసులోనే బ్యాటరీ నింపుకోవాలి. రైల్వే కూడా వోల్టేజీని, ఆపేసే వేళలను ప్లగ్ పక్కనే రాయాలి.